భయానక, పరిశోధక, అద్భుతనవలలు: శాబ్దబోధదృష్టితో నొక పరిశీలనము

తెలుఁగునఁ గాని, యితరభాషలయందుఁ గాని నవలలు చదువువారి చేతులలోఁ దఱచుగాఁ గానవచ్చునవి మూఁడు తెగల పుస్తకములు. భూతప్రేతాదులచేతనో, వానివంటి మఱియొకదానిచేతనో వెఱపు గొలుపునవి యొక తెగ. హత్యయో చౌర్యమో జరుగఁగా దానిఁ జేసినవాఁ డెవ్వఁడో కనుఁగొనునవి రెండవ తెగ. మన యెదుట లేని లోకమును గల్పించి, యందు మాయలును, మంత్రములును, మనుష్యేతరజీవులును నిత్యవ్యవహారములైనట్లు నడుపునవి మూఁడవ తెగ. ఈ వ్యాసమున వీనిని వరుసగా భయానకనవలలు, పరిశోధకనవలలు, అద్భుతనవలలు అని వ్యవహరింతును.

పండితలోక మీ మూఁటిని నొకే గాటఁ గట్టి, కాలక్షేపవాఙ్మయ మని పేరు పెట్టి విడిచినది. విడుచుటకుఁ గారణము చెప్పిన విమర్శకులు తక్కువ. ప్రబంధములలోని వర్ణనకును, శ్లేషకును సూక్ష్మవిచారణ చేయు మనము, మన విద్యార్థులు రాత్రి దీప మార్పక చదువు పుస్తకములను గూర్చి యొక్క మాటయుఁ జెప్పకుండుట న్యాయము గాదు. విద్యార్థి యొకఁడు మూఁడు నవలలను దెచ్చి, "వీనిలో మేలైన దేది? ఏల మేలైనది?" అని యడిగినపుడు "ఇట్టివి చదువకుము" అనుట యాజ్ఞ యగును గాని యుత్తరము గాదు. ఉత్తరము చెప్పుటకుఁ దగిన ప్రమాణ మొకటి మన శాస్త్రములలోనే కలదని చూపుట యీ వ్యాసోద్దేశము.

విభాగమునకుఁ బ్రమాణము

ఈ తెగలను విషయమునుబట్టి విభజించుట లోకాచారము. దయ్య మున్నచో భయానకము, శవ మున్నచోఁ బరిశోధకము, మాయ యున్నచో నద్భుతము. ఈ విభాగము విచారణకు నిలువదు. బేతాళకథలలో దయ్యమును గలదు, శవమును గలదు, మాయయుఁ గలదు. అయినను వానిని జదివి వెఱచి పుస్తకము మూసినవారు లేరు. ఆర్థర్ కానన్ డాయిల్ వ్రాసిన 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్' (1901–02) అను నవలలో శాపగ్రస్తమైన వంశమును, చీఁకటిలో నోట మంటలు గ్రక్కు వేఁటకుక్కయుఁ గలవు. అయినను నది పరిశోధకనవలయే యని యెల్లవారును నంగీకరింతురు.

రసమునుబట్టి విభజించుట కొంత మేలు. భయానకమునకు భయమును, అద్భుతమునకు విస్మయమును స్థాయిభావములని భరతముని చెప్పియున్నాఁడు. కాని పరిశోధకనవలకు స్థాయి యేది? అందుఁ బ్రధానముగాఁ గానవచ్చునవి యౌత్సుక్యమును, వితర్కమును. ఇవి వ్యభిచారిభావములు, వచ్చి పోవునవే కాని నిలుచునవి కావు. కావున నందు రసమే లేదని త్రోసివేయవచ్చును. అట్లైన రసము లేని వస్తువును లోకము నూటయెనుబదియేండ్లకుఁ బైగా విడువక చదువుచుండుటకుఁ గారణము చెప్పవలసివచ్చును. మఱియు నొకే విభావ మొకచో భయమును, వేఱొకచో విస్మయమును బుట్టించుట చూచుచున్నాము. అరణ్యకాండమునఁ గబంధుఁడు వెఱపు గొలుపును. కాశీమజిలీకథలలోని రాక్షసుఁడు బాలురకు వేడుక గొలుపును. భేదము రాక్షసుని కోఱలయందు లేదు. కథ నడచు తీరునందుఁ గలదు. ఆ తీరును దెలిసికొనుటకు శాబ్దబోధప్రక్రియ మనకుఁ దోడ్పడును.

వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడు కారణములను శాస్త్రకారులు చెప్పుదురు. "తలుపును" అన్నంతనే "ఏమి చేయవలెను?" అని వినువాని మనస్సు తరువాతి పదమును గోరును. ఇది యాకాంక్ష. "నిప్పుతోఁ దడుపుము" అన్నచోఁ బదములకుఁ బరస్పరాకాంక్ష యున్నను, తడుపుటకు నిప్పు సాధనము గాదు గావున నర్థము పొసఁగదు. ఆ పొసఁగుటయే యోగ్యత. ఉదయమున "ఆవును" అనియు, సాయంకాలమున "తోలుకొని రమ్ము" అనియుఁ బలికినచో వినువానికి వాక్యార్థము గలుగదు. పదములు వెనువెంటఁ బలుకఁబడుట సన్నిధి. విశ్వనాథకవిరాజు సాహిత్యదర్పణమున నీ లక్షణమును వాక్యముతో నాపక, వాక్యసముదాయరూపములైన రామాయణాదులను మహావాక్యము లనెను. ఆ న్యాయమున నవలయు నొక మహావాక్యమే.

ఏ నవలకైనను నీ మూఁడును గావలసినవే. ఒకటి లోపించినను గథ పొసఁగదు. అయినను బేరు ప్రాధాన్యమునుబట్టి వచ్చును. పరిశోధకనవలయం దాకాంక్షయు, అద్భుతనవలయందు యోగ్యతయు, భయానకనవలయందు సన్నిధియుఁ బ్రధానములు. ఇదియే నా ప్రతిజ్ఞ. దీనిని లక్ష్యములతో నిరూపింతును.

పరిశోధకనవల: ఆకాంక్ష

పరిశోధకకథ కర్మణిప్రయోగమువంటిది. "జమీందారు చంపఁబడెను" అనుటలోఁ గర్మయుఁ దెలిసినది, క్రియయుఁ దెలిసినది, కర్త తెలియఁడు. "ఎవ్వనిచేత?" అను నాకాంక్ష మొదటి పుటలలోఁ బుట్టి కడపటి పుటలలోఁ దీఱును. నడుమ నున్న ప్రకరణములన్నియు నా యొక్క తృతీయాంతపదమును వెదకుటయే. ఎడ్గార్ ఆలన్ పో 1841వ సంవత్సరమునఁ బ్రకటించిన 'ది మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్' అను చిన్నకథ యీ తెగకు మొదటిదని సాహిత్యచరిత్రకారు లందురు. అందును గథ యంతయు నీ యొక్క పదముకొఱకే నడచును.

ఆకాంక్షను బుట్టించుట సులభము. దానిని న్యాయముగాఁ దీర్చుట కష్టము. వాక్యమునఁ గడపట వచ్చు పదము వాక్యమునకు వెలుపలినుండి రాఁగూడదు. అట్లే యపరాధి కథలో ముందే కానవచ్చినవాఁడై యుండవలెను. వానిఁ బట్టియిచ్చు గుఱుతులు చదువరి కన్నుల యెదుట నుండవలెను. ఆంగ్లదేశమునఁ బురోహితుఁడును, పరిశోధకకథారచయితయు నైన రోనాల్డ్ నాక్స్ 1929వ సంవత్సరమున నీ తెగకుఁ బది నియమములను గూర్చెను. అపరాధి కథారంభమునందే ప్రస్తావింపఁబడవలె ననియు, దైవికశక్తుల ప్రమేయ ముండరాదనియు, రహస్యపుగది యొకటికి మించరాదనియు, పరిశోధకుఁడు తానే యపరాధి కారాదనియు నందుఁ గలదు. పైకి వినోదముగాఁ గానవచ్చు నీ నియమములన్నియు నొక్క సూత్రమునకు వివరణములే: చదువరికిఁ బుట్టించిన యాకాంక్షను జదువరికిఁ జూపిన సామగ్రితోనే తీర్పవలెను.

అగాథా క్రిస్టీ 1926వ సంవత్సరమునఁ బ్రకటించిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' ఈ విషయమున వైయాకరణులు చదువఁదగిన గ్రంథము. అందుఁ గథ చెప్పువాఁ డొక వైద్యుఁడు. అతఁడు వ్రాసిన మాటలలో నసత్యము లేదు. కాని యొకటి రెండు చోట్ల మాట లుండవలసిన తావున మాటలు లేవు. మనము నిత్యవ్యవహారమునఁ జేయునట్లే యా లోపమును మన యూహచే నధ్యాహారము చేసికొందుము. మోసమంతయు నా యధ్యాహారమునందుఁ గలదు, గ్రంథమునందు లేదు. ఇంతకు మించి చెప్పినఁ జదువనివారికి ద్రోహ మగును. రెండవమాఱు చదువునపుడు ప్రతిపదమును దన చోట సరిగానే యుండెనని తెలిసి యాశ్చర్యపడుదుము. అరమాత్ర తగ్గినను బుత్రోత్సవమువలె సంతసించు వైయాకరణుల లాఘవబుద్ధి యీ గ్రంథమునఁ గానవచ్చును.

తెలుఁగున నీ తెగ మొదట వంగభాషనుండి పాంచకడీ దే ప్రభృతుల నవలల యనువాదములతోఁ బ్రచారమునకు వచ్చినది. తరువాతఁ గొమ్మూరి సాంబశివరావు (1926–1994) డిటెక్టివు యుగంధరును, సహాయకుఁడైన రాజును ఇంటింటి పేళ్లను గావించెను. ఆయన పొట్టివాక్యములు చదువ నేర్చినవారినెల్లఁ జదువరులను జేసినవి. కాని యీ తెగయందు వెలువడిన పెక్కు నవలలలో నొక దోషము గలదు. పరిశోధకునికిఁ దెలిసిన గుఱుతు చదువరికిఁ జెప్పఁబడదు; కడపటి ప్రకరణమున నతఁడు జేబునుండి దానిఁ దీసి చూపును. ఇది యాకాంక్షను దీర్చుట గాదు; దానికిఁ జెల్లనినాణెము నిచ్చుట.

అద్భుతనవల: యోగ్యత

"నిప్పుతోఁ దడుపుము" అను వాక్యము మనలోకమున నయోగ్యము. అద్భుతనవలాకారుని పని యేమనఁగా, నిప్పు తడుపు లోకము నొకదానిని నిర్మించి, యందీ వాక్యమును యోగ్యముగాఁ జేయుట. అసంభవమును జెప్పుటయే యద్భుత మని తలఁచువారు పొరపడుచున్నారు. అసంభవమును జెప్పుట యెవ్వరికైనను శక్యము. దానికి యోగ్యతను సంపాదించుట కొందఱికే శక్యము.

ఈ మాటను స్పష్టముగాఁ జెప్పినవాఁడు భాషాశాస్త్రవేత్తయైన జె. ఆర్. ఆర్. టోల్కీన్. ఆయన యాక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునఁ బ్రాచీనాంగ్లభాషకు నాచార్యుఁడై యుండెను. 1939వ సంవత్సరమున నద్భుతకథలను గూర్చి చేసిన ప్రసంగమున నాయన చెప్పిన సారాంశ మిది: పచ్చని సూర్యుఁ డని పలుకుట యెవ్వరికైనను సులభమే, ఆ పచ్చని సూర్యుఁడు నమ్మఁదగినవాఁడగు లోకమును గల్పించుట శ్రమతోఁ గూడిన కళ. ఇది మన యోగ్యతావిచారమే. ఆయన మొదట భాషలను గల్పించి, పిమ్మట నా భాషలు మాటలాడు జాతులను, వారి చరిత్రమును గల్పించెను. శబ్దమునుండి లోకము పుట్టుట మనకుఁ గ్రొత్త మాట గాదు.

ఆయన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' (1954–55) లోకప్రసిద్ధము. అందొక యుంగరము గలదు. దానిని ధరించినవాఁడు క్రమముగా దానికి దాసుఁ డగును. దానిని దన యిచ్ఛతో విడుచుట మిక్కిలి దుష్కరము. పుట్టిన యగ్నిపర్వతమునఁ దప్ప నది కరఁగదు. ఈ నియమములు మొదటనే చెప్పఁబడినవి. కడకు ఫ్రోడో యను నాయకుఁ డా పర్వతము నంచుఁ జేరి, యుంగరమును బాఱవేయఁజాలక తనదే యని పలుకును. దానికై వెంటఁబడి వచ్చిన గొల్లమ్ అను దీనుఁడు దానిఁ బెనఁగులాడి లాగికొని, కాలు జాఱి యగ్నిలోఁ బడును. నాయకుఁ డోడిపోయె నని కొందఱు నొచ్చికొందురు. నాయకుఁడు ధైర్యముతో దానిని బాఱవేసినచో వీరకథకు సంతృప్తి గలిగెడిది. కాని గ్రంథమంతటను జెప్పిన నియమము బొంకై, యా లోకమునకు యోగ్యత నశించెడిది. రచయిత నాయకుని కీర్తినైన విడిచెను గాని యోగ్యతను విడువలేదు.

మనలో నీ రహస్యమును మిక్కిలిగా నెఱిఁగినవాఁడు పింగళి సూరన. కళాపూర్ణోదయము పద్యప్రబంధ మైనను, గథానిర్మాణమున నవలలకుఁ బాఠము చెప్పఁదగినది. కట్టమంచి రామలింగారెడ్డి 1914వ సంవత్సరమునఁ బ్రకటించిన కవిత్వతత్త్వవిచారమున సూరన కథాకల్పనము నెంత శ్రద్ధతో విమర్శించెనో చదివినవా రెఱుఁగుదురు. శిశువైన మధురలాలస పూర్వజన్మవృత్తాంతములను జెప్పుట యయోగ్యము. దానికి మణిప్రభావమును గవి ముందే సిద్ధపఱచియుండెను. ఇద్దఱు రంభ లేకస్థలమున నిలిచి నేను రంభ నన నేను రంభ నని కలహించుట యయోగ్యము. దానికిని గారణము వెనుకటి యాశ్వాసములయందుఁ గలదు. సూరన మాయలలో నొకటియుఁ గారణము లేక వచ్చినది గాదు.

ఇటీవలి కాలమున దాసరి సుబ్రహ్మణ్యము 'చందమామ' పత్రికలో 1954వ సంవత్సరమున 'తోకచుక్క'తో నారంభించి వ్రాసిన ధారావాహికలు బాలుర కీ మార్గమునఁ బ్రవేశము గల్పించినవి. వానిని బాలసాహిత్య మని తేలికగాఁ జూడరాదు. మాంత్రికునకు శక్తి యెంతవఱకో చెప్పిన పిదప నా మేర దాఁటరా దను నియమమును బాలురు పెద్దలకంటెఁ గఠినముగాఁ బాటింపఁజేయుదురు. "అంత శక్తి గలవాఁడు చెఱసాలనుండి యేల తప్పించుకొనలేదు?" అని యడుగు బాలుఁడు యోగ్యతాభంగమును బట్టుకొన్న విమర్శకుఁడే.

భయానకనవల: సన్నిధి

భయమునకు హేతువు వస్తువు గాదు, దాని సామీప్యము. అడవిలోని పులి వార్త. పెరటిలోని పులి భయము. భయానకనవల యీ దూరమును గొలిచి కొలిచి తగ్గించు విద్య. ఇందు సన్నిధి రెండు విధములఁ బనిచేయును. వెఱపించు వస్తువు చదువరికిఁ జేరువగుట యొకటి. జరిగిన దానికిని, జెప్పిన మాటకును నడుమ నెడము తగ్గుట రెండవది.

బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా' (1897) ఈ రెంటికిని గొప్ప లక్ష్యము. ఆ నవల దినచర్యలు, లేఖలు, తంతివార్తలు, పత్రికాఖండములు కూర్చి కట్టఁబడినది. వ్రాయువాఁడు నేఁటి రాత్రి జరిగిన దానిని నేఁటి రాత్రియే వ్రాయుచున్నాఁడు; ఱేపు వ్రాయుటకుఁ దానుండునో లేదో యెఱుఁగఁడు. ఒక వృద్ధుఁడు తన యౌవనమున జరిగిన కథను జెప్పినచోఁ జెప్పువాఁడు బ్రదికియున్నాఁ డను ధైర్యము మనకు మొదటనే కలుగును. దినచర్యయం దా ధైర్యము లేదు.

వస్తువు చేరువగు క్రమమును జూడుఁడు. మొదట డ్రాకులా కార్పేథియన్ పర్వతములలో దూరపుకోటయందుఁ గలఁడు. పిదప నోడమీఁద సముద్రమున వచ్చును. ఓడ యాంగ్లదేశపు రేవగు విట్బీని జేరునప్పటికి నందుఁ జుక్కానికిఁ గట్టఁబడిన నాయకుని శవము తప్ప మఱి నరుఁడు లేఁడు. పిమ్మట నగరమున, పిమ్మట నింట, కడపట భర్త ప్రక్కనుండఁగనే భార్య శయ్యయొద్ద. ఆశ్చర్య మేమనఁగా, కోటలోని ప్రకరణములు ముగిసినపిదప డ్రాకులా కన్నులకుఁ గనఁబడుట మిక్కిలి యరుదు. రూపము మఱుఁగుపడిన కొలఁది సన్నిధి హెచ్చును. కోటలో జానథన్ హార్కర్ అద్దము ముందఱ క్షౌరము చేసికొనునపుడు వెనుకనుండి భుజముమీఁదఁ జేయి పడును. అద్దమున గదియంతయుఁ గానవచ్చును గాని యా చేతివాఁడు కానరాఁడు. స్పర్శ గలదు, ప్రతిబింబము లేదు. రూపము లేని సన్నిధి కింతకంటె నుదాహరణము దొరకదు.

అతిదూరమువలెనే యతిసామీప్యమును బ్రత్యక్షమునకు బాధక మని సాంఖ్యులు చెప్పిరి. భయానకనవలకును నిది వర్తించును. వెఱపించు వస్తువును దెచ్చి కన్నులయెదుటఁ గూర్చుండఁబెట్టి, గోళ్లు, కోఱలు, నెత్తురు లెక్కపెట్టి వర్ణించినచో భయము పోయి జుగుప్స మిగులును. జుగుప్స బీభత్సమునకు స్థాయి గాని భయానకమునకు గాదు. మన వారపత్రికల ధారావాహికలలోఁ బెక్కింటి కీ దోషమే ప్రాణాంతక మైనది.

తెలుఁగున యండమూరి వీరేంద్రనాథ్ 1980 ప్రాంతమున వ్రాసిన 'తులసిదళం' ఇంటింటఁ జర్చింపఁబడినది. మూఢవిశ్వాసములను బెంచు నని దానిని నిందించినవారు కలరు. ఆ నింద విచారణార్హమే. అయిన నది యేల వెఱపించినదో ముందు చెప్పవలెను. క్షుద్రప్రయోగము శ్మశానమున జరుగుట మనకుఁ బాఁతకథ. దానిని జదువుకొన్నవారి యింటికి, పదియేండ్ల బాలిక మంచముకడకుఁ దెచ్చుట యందలి విశేషము. వైద్యశాస్త్రదృష్టియు, మంత్రతంత్రదృష్టియు నందుఁ బ్రక్కప్రక్కనే నడచును. తలుపు మూసికొన్న గృహస్థునకు "నా యిల్లు సురక్షితము" అను నమ్మకము గలదు గదా! ఆ నమ్మకముమీఁదనే దెబ్బ.

పునఃపఠనము

ఈ మూఁడు ప్రాధాన్యములు సత్యములైనచో వానికి ఫలభేదము గానరావలెను. రెండవమాఱు చదువుటయందు నది స్పష్టముగాఁ గానవచ్చును.

ఆకాంక్ష తీఱినపిదప మరలఁ బుట్టదు. కావున సామాన్యపరిశోధకనవల రెండవమాఱు చదువఁబడదు. ఉత్తమమైనది మాత్రము రెండవమాఱు వేఱువిధమునఁ జదువఁబడును: మొదట నర్థమునకై చదివితిమి, పిదపఁ బ్రకృతిప్రత్యయవిభాగము చేయువానివలె నిర్మాణమునకై చదువుదుము. యోగ్యత యట్లు గాదు. అది కాలక్రమమున బలపడును. అద్భుతలోకమున రెండవమాఱు ప్రవేశించువాఁడు బాటసారి గాఁడు, కాఁపురస్థుఁడు. కావున నద్భుతనవల మరల మరలఁ జదువఁబడును. సన్నిధి యీ రెంటికి నడుమ నుండును. త్రా డని యెఱిఁగియుఁ జీఁకటిలోఁ ద్రొక్కినపు డొడలు జలదరించును. ఏమి జరుగునో తెలిసియుఁ జదువరి భయానకనవలలోని మెట్టు దిగుచు నెమ్మదించును. తెలివి భయమును దగ్గించును గాని పోఁగొట్టదు.

సాంకర్యము

ఒక నవలలో రెండు మూఁడు తెగలు గలయుట దోషమా? గుణప్రధానభావము చక్కఁగా నున్నచో దోషము గాదు. బేతాళకథలలో శ్మశానమును, శవమును సన్నిధిని గల్పించును. కాని యవి రంగము మాత్రమే. శవము మాటలాడుటకు యోగ్యత మొదటనే స్థాపింపఁబడినది. తెలిసియుఁ జెప్పకున్నఁ దల పగులును, మౌనము విడిచిన శవము చెట్టునకు మరలును. ప్రతికథయుఁ బ్రశ్నతో ముగియును. కావున నాకాంక్ష ప్రధానము, తక్కినవి యంగములు. మధిర సుబ్బన్నదీక్షితుల కాశీమజిలీకథలలోను బ్రతిమజిలీయందు శిష్యుఁ డొక వింతను జూచి కారణ మడుగును, మణిసిద్ధుఁడు చెప్పును. ఆకాంక్ష యచట ద్వారము మాత్రమే. ద్వారము దాఁటినపిదప నంతయు నద్భుతము.

గుణప్రధానభావము చెడినచో నేమగునో యాన్ రాడ్‌క్లిఫ్ 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో' (1794) తెలుపును. అందు నాయిక కోటలో నల్లని తెరను దొలఁగించి, వెనుక నున్నదానిఁ జూచి మూర్ఛిల్లును. ఆమె చూచినదేమో రచయిత్రి వెంటనే చెప్పదు. ఎన్నియో ప్రకరణములు గడచి గ్రంథాంతమున నది మైనపుబొమ్మ యని తెలియును. ఉదయమునఁ బలికిన "ఆవును" అను పదమునకు సాయంకాలమున "తోలుకొని రమ్ము" అని ముగింపు వచ్చినట్లున్నది. అంతకంటెఁ బెద్దదోషము, మైనపుబొమ్మ యని తెలిసినతోడనే యచట నెన్నఁడును భయహేతువు లేదని తేలును. చదువరి వ్యర్థముగా వెఱచితి నని చిన్నఁబోవును. బాస్కర్‌విల్స్ కుక్కకును దుదకు లౌకికకారణమే తెలియును: దాని మూతికి భాస్వరము పూయఁబడినది. అయినను జదువరి చిన్నఁబోఁడు. ఏల యనఁగా, భాస్వరము తుడిచినను గుక్క కుక్కయే. దాని కోఱలు నిజము, అది మీఁదఁ బడుట నిజము. ఆకాంక్ష తీఱినను సన్నిధి బొంకు గాలేదు. రెండు నవలలకుఁ దారతమ్య మిచటఁ గలదు. కల్పన యెంత వింతదియో యనుటయందు లేదు.

తాత్పర్యము

శాబ్దబోధమునకుఁ దాత్పర్యజ్ఞానమును నాల్గవకారణముగాఁ గొందఱు చెప్పుదురు. పదములు పొసఁగినను, వక్త యేమి యుద్దేశించి పలికెనో తెలియనిచో నర్థము నిశ్చితము గాదు. ఈ మూఁడు తెగలలో నేది మేలైనది యను ప్రశ్నకు నాకుఁ దోఁచిన సమాధానము: తెగలలోఁ దారతమ్యము లేదు, తాత్పర్యము గల నవలకును, లేని నవలకును దారతమ్యము గలదు.

విల్కీ కాలిన్స్ 'ది మూన్‌స్టోన్' (1868) మన దేశముతో సంబంధించినది. 1799వ సంవత్సరమున శ్రీరంగపట్టణము ముట్టడియందు నొక యాంగ్లసైనికాధికారి హత్య చేసి వజ్రము నపహరించుటతోఁ గథ యారంభ మగును. ఆ వజ్రము సోమనాథమందలి చంద్రదేవుని విగ్రహమునకుఁ జెందినది. అది కాలాంతరమున నాంగ్లదేశమున నొక యింటినుండి మాయ మగును. పెక్కుమంది సాక్షులు దామెఱిఁగినంత మేరకుఁ గథను జెప్పుదురు. వజ్రము నెవ్వఁడు దొంగిలించె నను నాకాంక్షయే గ్రంథమును నడుపును. ఆకాంక్ష తీఱినపిదప వజ్రము మరల సోమనాథమున దేవుని నుదుటఁ జేరినట్లు చూపఁబడును. అపుడు చదువరికి వేఱొక ప్రశ్న స్ఫురించును: దొంగ యెవ్వఁ డని యింతసేపు వెదకిన యా యింటికి వజ్ర మెట్లు వచ్చినది? దొంగసొత్తునకు దొంగను వెదకుచుంటిమి గదా! ఈ రెండవ ప్రశ్నయే తాత్పర్యము. మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టయిన్' (1818) కేవలము వికృతాకారుని కథ గాదు. ప్రాణమును సృజించి, సృజించినదానిని విడిచి పరుగెత్తిన విద్వాంసుని యపరాధమును దెలుపు కథ. టోల్కీన్ గ్రంథమునఁ దాత్పర్యము, శక్తిని బొందుటయందుఁ గాక విడుచుటయందుఁ బురుషార్థము గల దనుట.

కావున పాఠశాలాపండితులకు నా విన్నప మిది. విద్యార్థి యీ పుస్తకములతో వచ్చినపుడు వారింపక, నాలుగు ప్రశ్న లడుగుఁడు. నీకుఁ గలిగిన యాకాంక్ష నీకుఁ జూపిన సామగ్రితోఁ దీఱినదా? చెప్పిన నియమమును రచయిత కడదాఁకఁ బాటించెనా? వెఱచినచో నేది చేరువకాఁగా వెఱచితివి? పుస్తకము మూసినపిదప నీతో నేమి మిగిలినది? మొదటి మూఁటికి నుత్తరము చెప్పఁగలవాఁడు చదువ నేర్చినవాఁడు. నాల్గవదానికిఁ జెప్పఁగలవాఁడు తనంత మంచి పుస్తకమును బోల్చుకొనఁగలఁడు. వానికి మన నిషేధముతోఁ బనియుండదు. తర్కవ్యాకరణములు పరీక్షలకు మాత్రమే పనికివచ్చు నని తలఁచు బాలునకు, తాను దలగడక్రింద దాఁచుకొన్న పుస్తకమును దెలిసికొనుటకును నవి పనికివచ్చు నని చూపఁగలిగినచో, శాస్త్రమునకు నంతకంటె సేవ లేదు.